బరంపురం నుంచి సాలూరు దాకా: పాదవైద్య విద్యార్థులతో ఒక శిక్షణ యాత్ర

పాదవైద్యం చదివే విద్యార్థి ఎన్ని పుస్తకాలు చదివినా, రోగి కాలిని తన ఒళ్లో పెట్టుకుని, పక్కన అనుభవజ్ఞులు చూస్తుండగా చేసిన పనే అతణ్ణి వైద్యుణ్ణి చేస్తుంది. నేను చదువుకున్న బ్రిటన్‌లో ఈ వృత్తి పేరుకు చట్టరక్షణ ఉంది. రిజిస్టరులో పేరు లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. పట్టా చేతికి రావాలంటే దాదాపు 1000 గంటలు క్లినిక్‌లో పనిచేయాలి. మన దేశంలో ఈ వృత్తి ఇంకా అంత స్థిరపడలేదు. సర్జన్లు, ఫిజియోథెరపిస్టులు, నర్సులు, కుష్ఠు నివారణ కార్యకర్తలు తలా కొంత ఈ భారాన్ని మోస్తున్నారు. అందువల్ల విశాఖపట్నంలో చిన్న బృందాలకు ఈ విద్య నేర్పే మావంటి వాళ్లం, ఆ గంటలు ఎక్కడ, ఎవరి మధ్య గడవాలో ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఏప్రిల్ మొదట్లో నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఒడిశా సరిహద్దు జిల్లాలకు బయలుదేరడానికి కారణం ఇదే. క్లినిక్‌లో చూసిన కాలు ఇంటికి వెళ్లి ఏ నేల మీద నడుస్తోందో, ఏ పని చేస్తోందో విద్యార్థులు కళ్లారా చూడాలని నా పట్టుదల.

సోమవారం, బరంపురం

తెల్లవారుజామునే రైలు దిగి, స్నానాలు ముగించుకుని, మాకు చోటిచ్చిన మధుమేహ క్లినిక్‌కు ఎనిమిది గంటలకల్లా చేరుకున్నాం. ఈ ఊళ్లో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల 1962 నుంచి ఉండడంతో గంజాం జిల్లా వాళ్లే కాక అటు ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా వైద్యం కోసం జనం వస్తూ ఉంటారు. వరండాలో ఓపీ చీటీలు పట్టుకుని కూర్చున్నవారిలో సగం మంది తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు.

మొదటి రోజు మోనోఫిలమెంటు పరీక్ష తప్ప మరేదీ చేయనివ్వనని విద్యార్థులకు ముందే చెప్పాను. చూడడానికి ఇది ఒక పిడికి బిగించిన నైలాన్ పోగు మాత్రమే. చర్మానికి నిలువుగా ఆనించి నొక్కినప్పుడు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర అది వంగుతుంది. ఆ ఒత్తిడి తెలియని పాదానికి, మేకు గుచ్చుకున్నా తెలియని ప్రమాదం ఉన్నట్టే. ఇంత చిన్న పరీక్షను కూడా ఎన్ని విధాలుగా పాడుచేయవచ్చో ఆ పూట అందరూ చూశారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన విద్యార్థిని పోగును చర్మం మీద గీసినట్టు కదిలించింది. అలా చేస్తే రోగికి తెలిసేది ఒత్తిడి కాదు, రాపిడి. పార్వతీపురం అబ్బాయి కాయ కాచిన చోట పెట్టి స్పర్శ లేదని రాసుకున్నాడు. మందంగా కాచిన చర్మం మీద పరీక్షిస్తే ఆరోగ్యవంతుడికి కూడా తెలియకపోవచ్చు కనుక దాని పక్కనున్న మెత్తటి చోటు ఎంచుకోవాలి. ముందుగా రోగి చేతి మీద పెట్టి, ఎలా అనిపిస్తుందో చూపించి, తరువాత కళ్లు మూసుకోమని, బొటనవేలి కిందా, బొటనవేలి మొదటా, చిటికెనవేలి మొదటా ఒక్కో చోట రెండుసార్లు నిజంగా తాకించి, ఒకసారి తాకించకుండానే అడగాలి. ఆ మూడో ప్రశ్న లేకపోతే, డాక్టరు మనసు నొప్పించకూడదని ‘తెలుస్తోంది బాబూ’ అంటూ వచ్చే పెద్దవాళ్ల మర్యాదనే మనం స్పర్శగా లెక్కవేసుకుంటాం.

మధ్యాహ్నానికి అందరి చేతులూ కుదురుకున్నాయి. ఎక్కువమందిని వరుసగా చూస్తే ఆ పోగు అలసిపోయి, తక్కువ ఒత్తిడికే వంగిపోతుందని చెప్పి, మార్చి మార్చి వాడడానికి రెండో సెట్టు తీయించాను. పాదం పైభాగాన, చీలమండ లోపలి వైపు వెనుక నాడి దొరకబుచ్చుకోవడం, 128 హెర్ట్జ్ శ్రుతిదండంతో కంపనం పరీక్షించడం సాయంత్రానికి కలిపాం.

ఆ రోజు వచ్చినవారిలో అరవై ఏళ్లు దాటిన ఒక నేతకారుడి కుడికాలు నన్ను ఆపేసింది. బొటనవేలి మొదట అరికాలి దిక్కున గుండ్రటి కాయ, ఆ కాయ నడుమ నల్లటి మచ్చ. కాయ కింద నెత్తురు చిమ్మిందంటే లోపల పుండు మొదలవుతోందని అర్థం. విద్యార్థిని చేతికి 15వ నంబరు బ్లేడు ఇచ్చి, బ్లేడును చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టి పొర తరువాత పొర తీయమని పక్కనే కూర్చున్నాను. చెయ్యి వణకలేదు. కింద చర్మం ఇంకా పగలలేదని తేలేసరికి మా ఇద్దరికీ ఊపిరి ఆడింది. ‘చెప్పులు వేసుకుంటున్నారా తాతా?’ అని ఆమె అడిగితే, ఆయన గుమ్మం దగ్గర విడిచిన తన మంచి చెప్పులు చూపించారు. మెత్తగా, కాలికి తగ్గట్టు ఉన్నాయి. అయితే ఈ కాయ ఎక్కడిది? ఆమె రాసుకున్న కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. రేపు మీ ఇంటికి రావచ్చా అని అడిగాం.

మంగళవారం, నేత వీధులు, గోపాలపురం

బరంపురం పట్టుకు పేరు తెచ్చిన నేత కుటుంబాల్లో దేవాంగులు చాలామంది. ఇళ్లలో తెలుగు, వీధిలో ఒడియా. మేము వెళ్లేసరికి పెద్దాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. గుంటలోకి వంగి చూస్తే విషయం తేటతెల్లమైంది. మగ్గం ముందు చెప్పులు వేసుకునే ఆచారం ఆ ఇంట్లో లేదు. మగ్గానికి రోజూ దీపం పెడతారు. ఒట్టి కాలితో ఆయన ఒకదాని తరువాత ఒకటిగా తొక్కే కర్రల్లో కుడివైపుది అరిగి, అంచు తేలి ఉంది. ఆ అంచు సరిగ్గా నిన్న మేము కాయ తీసిన చోట ఆనుతోంది. నడకకని మేము ఎన్ని చెప్పులు ఇచ్చినా, రోజంతా ఆయన కాలు పడేది ఈ కర్ర మీద.

విద్యార్థులు తలా ఒక ఉపాయం చెప్పారు. మేజోడు వేసుకోమన్నాడు ఒకడు. చెమట పట్టి వేళ్ల సందులు పాసిపోతాయని మరొకరు. కర్ర మార్చేద్దామని ఇంకొకరంటే, తొక్కుడు ఎత్తు మారితే దారం తెరుచుకునే తీరు మారుతుందని పెద్దాయన కొడుకు ఒప్పుకోలేదు. చివరికి దారి చూపింది ఆ ఇంటి కోడలే. కర్ర అంచును ఉలితో గుండ్రంగా చెక్కించి, దాని చుట్టూ మెత్తటి రబ్బరు షీటు చుట్టి, పైన పాత సైకిలు ట్యూబు ముక్క బిగించారు. ఒత్తిడి ఒకే బిందువు మీద పడకుండా వెడల్పుగా పరుచుకోవడమే పాదవైద్యంలో సగం పని. చెప్పు లోపల పాదం కింద పెట్టే, అచ్చుపోసిన ఇన్‌సోలు చేసేదీ అదే. పది నిమిషాలు తొక్కించి, కాలు తీసి చూస్తే ఎరుపు కనబడలేదు. ఆ కాగితంలో ‘వృత్తి: నేత’ అని మాత్రమే ఉన్న చోట, విద్యార్థిని ఇప్పుడు తొక్కుడు కర్ర బొమ్మ గీసి, కాలు ఆనే చోట గుర్తు పెట్టింది. ఈ బొమ్మ ఉన్న కేసు కాగితం నాకు ఇరవై మామూలు కాగితాల కన్నా ఎక్కువ.

ఎండ ముదిరాక గోపాలపురం వెళ్లాం. కావాలనే ఆ వేళ ఎంచుకున్నాను. ఇక్కడి తెలుగు మత్స్యకారులు వలలు లాగేటప్పుడూ, ఎండుచేప ఆరబోసేటప్పుడూ ఇసుక మీద వట్టికాళ్లతోనే తిరుగుతారు. చెప్పులు ఇసుకలో కూరుకుపోతాయి. మధుమేహంతో స్పర్శ పోయిన పాదానికి ఈ ఇసుక చేసే గాయం నడుస్తుండగా తెలియదు, రాత్రికి బొబ్బగా బయటపడుతుంది. ఎండుచేప అమ్మే ఒకామె మడమ మీద అలాంటి మానిన మచ్చలు రెండు చూపించింది. ఇసుక మీద పని పొద్దున్నే ముగించుకోవాలనీ, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వాడాలనీ చెప్పాం గాని, వేటకు వెళ్లిన పడవ వచ్చే వేళ ఆమె చేతిలో లేదని విద్యార్థులకు అక్కడే అర్థమైంది. బోదకాలు ఉన్న ఇద్దరికి సబ్బుతో కాలు కడగడం, వేళ్ల మధ్య గుడ్డతో పొడిగా తుడవడం నేర్పాం. ఆ సందుల్లో పాసిన చర్మం గుండానే సూక్ష్మక్రిములు ప్రవేశించి, జ్వరంతో కూడిన వాపు మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి బోదకాలు సంరక్షణ అంతా ఆ వేళ్ల సందుల దగ్గరే మొదలవుతుంది.

బుధవారం, దారి

ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి దిగి, పలాస, పాతపట్నం మీదుగా మహేంద్రతనయ నది దాటి పర్లాకిమిడి చేరాం. జీపులో అందరూ నిద్రపోయారు. రాత్రి నరాల పాఠం ఒక గంట.

గురువారం, పర్లాకిమిడి

గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. కొండ మీది వాళ్లకు చదువు చెప్పాలంటే వాళ్ల మాట ముందు తనకు రావాలని ఆయన అనుకున్నారు. సవర రోగులను చూసేటప్పుడు మేము ఆశా కార్యకర్తనే దుబాసీగా పెట్టుకున్నాం. అయినా ‘నొప్పి’ ‘మంట’ ‘తిమ్మిరి’ వేరువేరుగా అడగడానికి కావలసిన మాటలు ఒక పుస్తకంలో రాసుకోమని విద్యార్థులకు పని పెట్టాను. ఈ మూడింటికీ తేడా తెలియకుండా నరం జబ్బు చరిత్ర రాయడం కుదరదు.

పగలంతా కుష్ఠువ్యాధి నయమైనవారు కలిసి నివసించే ఒక కాలనీలో గడిపాం. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక రోగి కన్నా తగ్గిందన్న మాట నిజమే. అయితే 1980ల నుంచి వచ్చిన బహుళ ఔషధ చికిత్స క్రిమిని చంపగలిగింది గాని, అప్పటికే చచ్చుబడిన నరాన్ని తిరిగి తేలేకపోయింది. చీలమండ వెనుక నుంచి అరికాలికి వెళ్లే నరం దెబ్బతిన్నవారికి జీవితాంతం అరికాలు మొద్దుగానే ఉంటుంది. కుష్ఠు వల్ల కండ కుళ్లిపోతుందని లోకమంతా నమ్ముతున్న కాలంలో, నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడడమే పుండ్లకు కారణమని వెల్లూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ నిరూపించారు. మధుమేహ పాదానికి నేడు మేము చేసే చికిత్సలో చాలా భాగం ఆ కుష్ఠు వార్డుల్లో పుట్టిందే. ఈ సంగతి తెలియకుండా విద్యార్థులు పట్టా పుచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ మోనోఫిలమెంటు పక్కనపెట్టి, కుష్ఠు కార్యకర్తలు వాడే పద్ధతిలో బాల్‌పాయింట్ పెన్నుతో స్పర్శ పరీక్షించడం నేర్పించాను. చర్మం మీద చిన్న గుంట పడేటంత మాత్రమే ఆనించి, ఏ చోట తాకిందో రోగి వేలితో చూపించేలా అడగాలి. ఆ తరువాత పాఠం చెప్పింది ఒక పెద్దావిడ. ప్లాస్టిక్ తొట్టిలో మామూలు నీళ్లు పోసి, చేత్తో వేడి చూడడానికి తన వేళ్లకూ స్పర్శ లేదు కాబట్టి మనవరాలి చేత చూపించి, ఇరవై నిమిషాలు కాళ్లు నానబెట్టింది. గరుకు రాయితో మడమ అంచులు రుద్దింది, పాత గాయపు మచ్చ దగ్గర మాత్రం చెయ్యి తేలిక చేసింది. తడి ఆరకముందే నూనె రాసింది, తేమ లోపలే నిలిచేటట్టు. చివర చిన్న అద్దం అరికాలి కింద పెట్టుకుని, వెలుతురు వైపు తిరిగి, వేలు వేలూ చూసుకుంది.

‘నొప్పి తెలీదు కదా బాబూ, పడుకునే ముందు కళ్లతో చూసుకోవాల్సిందే,’ అంది.

ఎన్నాళ్లుగా పుండు లేదని అడిగితే, మనవరాలు పుట్టినప్పటి నుంచీ అంది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. నా విద్యార్థులు ఆవిడ చెప్పిన వరసలోనే మిగతా వాళ్ల చేత చేయించారు. నేను మాట్లాడవలసిన అవసరం రాలేదు.

శుక్రవారం, గుణుపురం, రాయగడ

వంశధార ఒడ్డున గుణుపురంలో పొద్దుటి పూట చూసిన ఒక కేసు మీద దారి పొడుగునా వాదన సాగింది. కొండ వాలులో పోడు చేసుకునే ఒక రైతు, ఎడమ అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు, నాడి బాగుంది, చీము లేదు, సన్నటి లోహపు పుల్లతో పరీక్షిస్తే ఎముక తగలలేదు. ఇలాంటి పుండుకు మోకాలి దాకా వేసే, రోగి తనంతట తీయలేని కట్టు మొదటి ఎంపిక అని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయని పార్వతీపురం అబ్బాయి గట్టిగా వాదించాడు. అతను చెప్పింది సరైనదే. కాని ఆ కట్టును మొదటి కొద్ది రోజుల్లోనే ఒకసారి, ఆపైన వారం వారం విప్పి చూడగలిగితేనే అది మేలు చేస్తుంది. వాపు దిగి వదులైన కట్టు లోపల కదిలి, స్పర్శ లేని కాలికి కొత్త పుండు చేస్తుంది. ఈ మనిషి కొండ దిగి మళ్లీ రావడానికి ఒక రోజంతా కావాలి, విత్తనాల పని ముందుంది. అందుకే పుండు మీద ఒత్తిడి పడకుండా దాని చుట్టూ మందపాటి ఫెల్టు గుడ్డ కత్తిరించి అంటించి, చేతికర్ర ఇచ్చి, ఊరి ఆశా కార్యకర్తకు కట్టు మార్చడం చూపించి, ఎరుపు పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆగకుండా ఆసుపత్రికి పంపాలని ఒడియాలో రాయించి ఇచ్చాం. ఉత్తమమైన చికిత్స, చేయగలిగిన చికిత్స ఒకటి కానప్పుడు ఏది ఎందుకు ఎంచుకున్నారో కాగితం మీద రాయాలని విద్యార్థికి చెప్పాను. అతను రెండు పేజీలు రాశాడు, నాతో ఒక చోట విభేదిస్తూనే. ఆ భాగాన్ని కొట్టేయనివ్వలేదు.

రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దారిలో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గర సాయంత్రం కూర్చున్నాం. స్పర్శ లేని పాదాలకు వాడే ఎం.సి.ఆర్. రబ్బరును బొటనవేలితో నొక్కి చూడమన్నాను: నొక్కితే లోతుగా దిగాలి, వదిలితే వెంటనే లేవాలి. దాని కింద గట్టి రబ్బరు అట్ట, ముల్లు దిగకుండా. ఒక్క మేకు కూడా ఉండకూడదు, అంతా బంకతోనూ కుట్టుతోనూ బిగించాలి. అరిగిన చెప్పులో పైకి లేచిన మేకు ఎన్ని కాళ్లను ఆసుపత్రికి పంపిందో ఆ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. బొటనవేలి పట్టీ బదులు పైన రెండు అడ్డపట్టీలు, వెనుక ఒక పట్టీ వేయాలని చెబితే, ఆయన కాగితం మీద రైతు కాలి గీత చూసి, వేళ్ల ముందు ఒక వేలెడు చోటు వదిలి కొత్త గీత గీశారు. విద్యార్థులు ఆయన పక్కన పీటల మీద కూర్చుని తోలు అంచు చెక్కడం నేర్చుకున్నారు. కొత్త చెప్పులు మొదట అరగంటే వేసుకుని, విప్పి, ఎరుపు చూసుకుని, ఆపైన వ్యవధి పెంచుకుంటూ పోవాలన్న సూచన చెప్పుల జతతో పాటు కచ్చితంగా ఇవ్వాలని ఆయనా ఒప్పుకున్నారు.

శనివారం, కోరాపుట్, సాలూరు

సొరంగాల దారిలో రైలులో కోరాపుట్ చేరాం. అరికాళ్లు మందమై పగిలి, మనిషి ఎండ్రకాయలా పక్కకు నడిచేటట్టు చేసే యాస్ వ్యాధిని తుడిచిపెట్టే జాతీయ కార్యక్రమం 1996లో మొదలైంది ఈ జిల్లాలోనే. ఇల్లిల్లూ తిరిగి వెతికారు, ఒక్క పెన్సిలిన్ సూదిమందుతో నయం చేశారు, రోగి చుట్టుపక్కల వాళ్లకూ ఇచ్చారు. 2003 తరువాత దేశంలో కొత్త కేసు లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ రహితమని ప్రకటించింది. క్లినిక్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే అది అయ్యేది కాదు.

పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉన్న ఈ ఊరిని చివర పెట్టుకోవడానికి కారణం ఉంది. అటు ఒడిశా కొండల వాళ్లకూ ఇటు విజయనగరం, పార్వతీపురం వాళ్లకూ మొద్దుబారిన పాదానికి వైద్యం ఇక్కడ దొరుకుతుందని విద్యార్థులు తెలుసుకోవాలి, రేపు ఎవరినైనా పంపవలసి వస్తే.

లాడ్జి గదిలో కేసు పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. చూసిన కాళ్ల సంఖ్యను బట్టి నేను సంతకం చేయను. ప్రతి కేసు కింద మూడు విషయాలు అడిగాను: ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఏం చేశారు, ఆ కాలిని మళ్లీ ఎవరు ఎప్పుడు చూస్తారు. ఒకసారి పుండు పడి మానిన పాదాన్ని ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలన్నది నియమం. స్పర్శ పోయినా నాడి బాగుండి, వంకర లేని పాదానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా గడువు ఉంది. మూడో ప్రశ్నకు ఖాళీ వదిలిన కాగితాలు వెనక్కి ఇచ్చేశాను. విద్యార్థులు రాత్రి పదింటి దాకా ఫోన్లు చేశారు. బరంపురం క్లినిక్ నర్సు నేతకారుడి కాలు నెలకోసారి చూసి, ఫొటో పంపడానికి ఒప్పుకుంది. మే నెలలో ఇద్దరు అక్కడికి, ఇద్దరు గుణుపురానికి వెళ్లి అవే పాదాలను మళ్లీ పరీక్షిస్తారు. అప్పటి రాతలు కలిశాకే ఈ యాత్ర గంటలు వాళ్ల ఖాతాలో జమ అవుతాయి. రైతుకు చెప్పుల జత బుధవారానికల్లా సిద్ధం చేస్తానని రాయగడ నుంచి ఫోను వచ్చింది. గుణుపురం బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపితే, ఆశా కార్యకర్త తీసుకుంటుంది.